పాప అలర్జీ సిరప్ గురించి కావ్యకు

కావ్యా,

పాపకు మళ్లీ దద్దుర్లు లేచాయి, డాక్టర్ రాసిన సెటిరిజిన్ ఇంకో అర చెంచా పోయొచ్చా అని అడిగావు. పోయొద్దు. ఆ మందు పని మొదలుపెట్టడానికే గంట దాకా పడుతుంది, పోశాక దాదాపు రోజంతా ఒంట్లో ఉంటుంది. తగ్గలేదనిపిస్తే డాక్టర్‌కు ఫోన్ చెయ్యి, సీసా జోలికి వెళ్లకు. పిల్లల వార్డులో ఏళ్ల తరబడి మందులు కొలిచి పోసినదాన్ని, కాస్త విసిగించినా విను.

ముందు ఆ చెంచా పక్కన పెట్టు. మన ఇళ్లల్లో ఏ రెండు చెంచాలూ ఒక కొలత ఉండవు. మందుల షాపులో సూది లేని 5 మి.లీ. సిరంజి అడుగు. సిరప్ లాగాక లోపలి నల్ల రబ్బరు పై అంచు సరిగ్గా గీత మీద ఉందో లేదో కంటికి ఎదురుగా పట్టుకుని చూడు. బుగ్గ లోపలి వైపు పెట్టి కొంచెం కొంచెంగా వదులు. గొంతులోకి చిమ్మితే పొలమారుతుంది.

ఇక లేబుల్. ‘ప్రతి 5 మి.లీ.లో’ అని ఉన్న వరుస చదవకుండా మూత తియ్యకు. మన దగ్గర సెటిరిజిన్ సిరప్‌లో మామూలుగా 5 మి.లీ.కి 5 మి.గ్రా., దాని దగ్గరి చుట్టమైన అలర్జీ మందు లెవోసెటిరిజిన్‌లో 2.5 మి.గ్రా. ఉంటుంది. మూడేళ్ల పిల్లకు సెటిరిజిన్ రోజుకు 2.5 మి.గ్రా.తో మొదలుపెడతారు, అవసరమైతే డాక్టరే 5 దాకా పెంచుతారు. లెవోసెటిరిజిన్ అయితే రోజుకు 1.25 మాత్రమే. షాపులో ఒకటి లేదని రెండోది చేతిలో పెడితే, అదే 2.5 మి.గ్రా. అనుకుని పోశావంటే డోసు రెట్టింపు పడ్డట్టే. డ్రాప్స్ మరీ ఘాటు. మీ ఆడపడుచు విదేశం నుంచి తెచ్చే వాటిలో ఒక్క మి.లీ.లోనే 10 మి.గ్రా. ఉన్నవీ ఉంటాయి.

జలుబు సిరప్ దీనికి తోడు పొయ్యొద్దు. చాలావాటిలో క్లోర్‌ఫెనిరమిన్ ఉంటుంది, అదీ అలర్జీ మందే. దాన్ని ముక్కు దిబ్బడ తగ్గించే ఫినైలెఫ్రిన్‌తో కలిపిన సిరప్‌లు నాలుగేళ్ల లోపు పిల్లలకు వాడొద్దని 2023లోనే కేంద్ర ఔషధ నియంత్రణ సంస్థ చెప్పింది. అయినా ఎంతమంది అడిగి మరీ కొంటారో! ఉబ్బసానికీ అలర్జీకీ ఇచ్చే మాంటెలుకాస్ట్ కలిసిన సిరప్ డాక్టర్ రాస్తే వాడు, కానీ పాప పీడకలలకు ఉలిక్కిపడి లేచినా, మరీ చిరాకు పడుతున్నా వెంటనే చెప్పు.

రైల్లో హాయిగా పడుకుంటుందని మీ అత్తగారు ప్రోమెథజిన్ అనే మత్తు తెచ్చే అలర్జీ మందు పొయ్యమన్నారట. ఆవిడ మాట కాదనడం కష్టమే, అయినా ఈ ఒక్క విషయంలో తగ్గకు. పసిపిల్లల్లో ఊపిరి మందగించేలా చేసే మందు అది, రెండేళ్ల లోపు వాళ్లకైతే అసలు ఇవ్వకూడదు. పైగా కొందరు పిల్లలు నిద్రపోవడం మాని రాత్రంతా గెంతులేస్తారు.

పోసిన టైము ఫ్రిజ్ మీద కాగితంలో రాయి, లేకపోతే అల్లుడు ఇంటికి రాగానే ఇంకోసారి పోసేస్తాడు. మందు కక్కేసినా మళ్లీ పొయ్యకు, డాక్టర్‌ను అడుగు.

పెదవులు, నాలుక వాచినా, గొంతు బొంగురుపోయినా, పిల్లికూతలు వినిపించినా, దద్దుర్లతో పాటు ఆగకుండా వాంతులైనా, పాప సోలిపోయినా ఈ సిరప్‌ను నమ్ముకోవద్దు. అప్పుడు కావాల్సింది తొడకు వేసే అడ్రినలిన్ ఇంజెక్షన్. వెంటనే 108కి ఫోన్ చెయ్యి, వచ్చేదాకా పాపను నడిపించకు.

చర్మం మీద అలర్జీ టెస్టు చేయిస్తామన్నావు కదా. దానికి వారం ముందే ఈ మందులు ఆపమంటారు, ఎప్పుడు ఆపాలో తేదీ రాయించుకో. ఇప్పుడు మాత్రం ఇంట్లో ఉన్న సీసాల లేబుళ్లు ఫొటో తీసి వాట్సాప్‌లో పెట్టు, గడువు తేదీ కనబడేలా.

మీ పెద్దమ్మ