దిగ్బంధంపై రాస్తున్న తమ్మునికి

చిరంజీవి తమ్మునికి,

మొదటి ప్రపంచ యుద్ధంలో జర్మనీపై మిత్రరాజ్యాలు విధించిన ఆర్థిక దిగ్బంధం గురించి నువ్వు హనుమకొండ నుంచి పంపిన వ్యాసం శ్రద్ధగా చదివాను. యుద్ధనౌకల వర్ణన బాగుంది. అయితే వ్యాసమంతా ఉత్తర సముద్రంలోనే తిరిగింది తప్ప లండన్, పారిస్ కార్యాలయాల్లో అడుగుపెట్టలేదు. ఓడను ఆపడం నౌకాదళం పని. అందులోని సరుకు యుద్ధంలో చేరని తటస్థ దేశాల మీదుగా చివరికి ఎవరికి చేరుతుందో తేల్చడానికి, ఆపినందువల్ల వచ్చే నష్టం ఎవరు భరించాలో కుదుర్చుకోవడానికి ప్రభుత్వాలు ఏళ్ల తరబడి తంటాలు పడ్డాయి. అసలు కథ అక్కడుంది.

మిత్రరాజ్యాల మధ్య ఉన్న ఎడాన్ని దాచకు. ఇటలీ 1915 మే నెలలో ఆస్ట్రియా-హంగరీపై యుద్ధం ప్రకటించింది గానీ, జర్మనీపై 1916 ఆగస్టు దాకా ప్రకటించలేదు. తటస్థ దేశమైన స్వీడన్‌ను గట్టిగా ఒత్తిడి చేద్దామంటే, మిత్రదేశమైన రష్యాకు పోయే సరుకులు ఆ దేశం మీదుగానే పోతున్నాయి. బ్రిటన్‌లో దిగ్బంధ మంత్రిత్వ శాఖ 1916 ఫిబ్రవరిలో గానీ లార్డ్ రాబర్ట్ సెసిల్ చేతికి రాలేదంటే, యుద్ధం మొదలైన తర్వాత ఎంతకాలం పని చెదిరి ఉందో పాఠకునికి నువ్వు చెప్పకుండానే అర్థమవుతుంది.

స్కాట్లాండ్‌కు ఉత్తరాన ఓర్క్నీ దీవుల్లో, ఓడలను తనిఖీ చేసిన కిర్క్‌వాల్ రేవును దగ్గరగా చూపించు. తనిఖీకి తెచ్చిన ఓడ పత్రాల్లో సరుకు అందుకునేవారి పేరు ఉండాల్సిన చోట తరచుగా ‘ఆర్డర్ మేరకు’ అని మాత్రమే ఉండేది. మన వరంగల్ ఎనుమాముల మార్కెట్లో రైతు పేరు లేని తక్‌పట్టీ (అమ్మకపు చీటీ) చేతికొస్తే నీకు ఎంత అనుమానం కలుగుతుందో, అక్కడి తనిఖీ అధికారికి అంత అనుమానం కలిగేది. డచ్ వ్యాపారులు 1914 నవంబరులో ఏర్పరచుకున్న నెదర్లాండ్స్ ఓవర్సీస్ ట్రస్ట్, తన పేర వచ్చిన సరుకు జర్మనీకి మళ్లదని హామీ ఇచ్చి ఈ చిక్కును కొంత విప్పింది.

పత్తి గురించి ఒక్క వాక్యంతో సరిపెట్టావు. వరంగల్ వాడివి, అలా రాయకూడదు. తుపాకీ మందుకు పత్తి అవసరమని అందరికీ తెలిసినా, అమెరికా దక్షిణాది రైతుల ఆగ్రహానికి జంకి బ్రిటన్ 1915 ఆగస్టు దాకా దాన్ని నిషిద్ధ సరుకుల్లో చేర్చలేదు. చేర్చినప్పుడు ధర పడిపోకుండా తానే పత్తి కొనడానికి ఒప్పుకుంది. ఒక రైతు ధరకూ ఒక సామ్రాజ్యపు యుద్ధనీతికీ ఉన్న ఈ ముడిని నీకన్నా బాగా ఎవరు రాయగలరు?

ఆకలి గురించి రాసేటప్పుడు అంకె ఎవరిదో చెప్పు. దిగ్బంధం వల్ల 7,63,000 మంది పౌరులు చనిపోయారన్నది 1918 డిసెంబరులో జర్మనీ అధికారులు చెప్పిన లెక్క. తర్వాతి పరిశోధకుల లెక్కలు చాలా తక్కువగా ఉన్నాయి. అంకె తగ్గినంత మాత్రాన ఆ మరణాలు చిన్నవి కావు, వాటిని చిన్నవి చేసి రాయవద్దు.

నీ వ్యాసం యుద్ధ విరమణ జరిగిన 1918 నవంబరు 11తో ముగిసింది, దిగ్బంధం ముగియలేదు. ఆహారానికి జర్మనీ బంగారంతో చెల్లిస్తే తమకు రావలసిన యుద్ధ పరిహారం తరిగిపోతుందని ఫ్రాన్స్ అడ్డుపడింది. 1919 మార్చిలో బ్రస్సెల్స్‌లో ఒప్పందం కుదిరాకే ఆహారం కదిలింది. పూర్తిగా ఎత్తివేసింది జూలైలో. తుపాకులు ఆగిన తర్వాత గడిచిన ఆ నెలల గురించి విడిగా ఒక భాగం రాసి పంపు.

ఆశీస్సులతో,
మీ అన్న