తాళం కొనేముందు తలుపు చూడు

అమ్మలూ,

నీ మెసేజ్ చూశాను. "పెదనాన్నా, ఇంటికి స్మార్ట్ లాక్ పెట్టుకుందామనుకుంటున్నా, ఏది కొనమంటావు?" అని ఒక్క ముక్క రాసి ఊరుకున్నావు. నేను ఎదురు ప్రశ్న వేస్తాను, విసుక్కోకు. మీ తలుపు ఇప్పుడు ఎలా పడుతోంది? తాళం తిప్పేటప్పుడు రెక్కని కాస్త నీ వైపు లాక్కోవాల్సి వస్తోందా? భుజంతో ఓ తోపు తోస్తే గానీ గడియ దిగట్లేదా? అది తెలియకుండా నేను తాళం పేరు చెప్పలేను.

ముప్పై ఏళ్లు తలుపులతోనే బతికినవాణ్ణి. ఈ మధ్య ఫోన్‌తోనో నంబరుతోనో తెరుచుకునే ఈ వైర్‌లెస్ తాళాలు కూడా చాలానే బిగించాను. "తాళం పనిచెయ్యట్లేదు, వచ్చి చూడు" అని పిలిచిన చోటికి వెళ్తే, ఎక్కువసార్లు తాళం బాగానే ఉంటుంది, తలుపే వంకరగా ఉంటుంది. మనం చేత్తో తాళం వేసేటప్పుడు మనకి తెలియకుండానే సర్దుకుంటాం. కాస్త ఎత్తుతాం, కాస్త నొక్కుతాం, రోజూ చేసేదే కాబట్టి గుర్తుండదు. నాలుగు చిన్న బ్యాటరీల మీద తిరిగే మోటారుకి ఆ సర్దుబాటు ఎక్కడ చేతనవుతుంది? గడియ కన్నానికి ఒరుసుకుంటే రెండుసార్లు గింజుకుని, బీప్ కొట్టి మానేస్తుంది. ఒకవేళ ఎలాగో దూరినా, ఆ గింజులాటకే బ్యాటరీలు తొందరగా అయిపోతాయి.

కాబట్టి ముందు ఈ పని చెయ్యి. తలుపు మూసి, రెండో చెయ్యి తలుపు మీద వెయ్యకుండా, రెండు వేళ్లతో గడియ తిప్పి చూడు. వెన్నలోకి కత్తి దిగినట్టు దిగాలి. దిగకపోతే గడియ కొసకి కాస్త లిప్‌స్టిక్ రాసి, తలుపు మూసి ఓసారి తిప్పు. ద్వారబంధం మీద ఉన్న రేకుకి రంగు ఎక్కడ అంటిందో చూస్తే, పైకి తగులుతోందో కిందికి తగులుతోందో నీకే తెలిసిపోతుంది. రేకు కింది అంచుకి తగులుతోందంటే సాధారణంగా రెక్క కుంగిందని అర్థం. పై మడతబందు స్క్రూలు వదులై ఉంటాయి, అవి బిగించు. కర్రలో కన్నం అరిగిపోయి స్క్రూ ఊరికే తిరుగుతుంటే, దాని బదులు 75 మిల్లీమీటర్ల పొడవు స్క్రూ ఒకటి ద్వారబంధం లోపలిదాకా దిగేలా వేస్తే రెక్క మళ్లీ లేస్తుంది. ఇంకా ఓ మిల్లీమీటరు తేడా మిగిలితే రేకు కన్నాన్ని ఆకురాయితో కాస్త అరగదియ్యి. కన్నం లోతు కూడా చూడు. ఇలాంటి గడియలు చాలావరకు 25 మిల్లీమీటర్లు బయటికొస్తాయి. అడుగున కర్రపొట్టో పాత పెయింటో పేరుకుని ఉంటే గడియ పూర్తిగా చాచుకోదు, అప్పుడు తాళం పడలేదని యాప్ గోల పెడుతుంది. ఒక్క మాట గుర్తుంచుకో: కర్ర తలుపు తేమకి ఉబ్బుతుంది. ఎండాకాలంలో అతికినట్టు సరిపోయిన తలుపు వానాకాలంలో బిగుసుకుంటుంది. చుట్టూ రెండు మూడు మిల్లీమీటర్ల సందు ఉంచుకోవాలి.

ఇక కొలతలు. ఇప్పుడున్న తాళం ఏ రకమో చూడు. తలుపు రెక్కకి పెద్ద గుండ్రటి కన్నం ఉండి అందులో కూర్చునేది ఒక రకం, ఆ కన్నం చాలావాటికి 54 మిల్లీమీటర్లు. రెక్క అంచులో గూడు తొలిచి పెట్టె లాంటిది లోపలికి దించేది మోర్టీస్, అంచున పొడుగాటి రేకు కనిపిస్తుంది, బయట హ్యాండిల్ ఉంటుంది. రెక్కకి లోపలివైపు పైపైన బిగించేది ఇంకో రకం. ఒకదాని చోట ఇంకోటి పట్టదు. పట్టించాలంటే తలుపు కొయ్యాలి, కోసిన తలుపుని మళ్లీ అతికించలేం. ఇవి కాక, పాత తాళాన్ని అలాగే ఉంచి లోపలివైపు తిప్పే గుబ్బ మీద మాత్రం మోటారు కూర్చోబెట్టే రకం ఒకటుంది. బయట నీ పాత తాళంచెవే పనిచేస్తుంది. అద్దె ఇల్లయితే నా ఓటు దానికే. ఖాళీ చేసే రోజున విప్పుకుని పట్టుకుపోవచ్చు.

ముఖ్యంగా రెండు అంకెలు కావాలి. రెక్క మందం, రెక్క అంచు నుంచి కన్నం నడిమధ్యకి దూరం. ఈ దూరాన్నే బ్యాక్‌సెట్ అంటారు. గుండ్రటి కన్నం రకానికి 60 గానీ 70 గానీ ఉంటుంది, మోర్టీస్‌కైతే రకరకాలు. మందం 35 నుంచి 45 మిల్లీమీటర్ల మధ్య ఉంటే చాలా తాళాలు పడతాయి, అంతకు మించితే పొడుగు స్క్రూల కిట్ విడిగా తెప్పించుకోవాలి.

వైర్‌లెస్ సంగతి. నేరుగా వైఫైకి కలిసే తాళమైతే ఎక్కడున్నా ఫోన్లోంచి తియ్యొచ్చు, కానీ బ్యాటరీలు గబగబా తాగేస్తుంది. బ్లూటూత్‌ది పొదుపరి, అయితే తలుపు దగ్గర నిలబడితేనే పలుకుతుంది. దూరం నుంచి పలకాలంటే లోపల ప్లగ్గుకి పెట్టే బ్రిడ్జ్ ఒకటి కావాలి. జిగ్‌బీ, జెడ్-వేవ్, థ్రెడ్ అనే వేరే వైర్‌లెస్ పద్ధతులు హబ్ ఉన్న ఇళ్లకి, హబ్ అంటే ఇంట్లోని స్మార్ట్ వస్తువులన్నిటినీ కలిపే పెట్టె. మ్యాటర్ అని 2022లో వచ్చిన ప్రమాణం ఒకటుంది, ఆ గుర్తు ఉంటే ఒక కంపెనీ తాళం ఇంకో కంపెనీ యాప్‌తోనూ నడుస్తుంది. నువ్వు ఆఫీసులో కూర్చుని ఎవరికైనా తలుపు తియ్యాల్సిన అవసరం నిజంగా ఉందా అన్నది ముందు తేల్చుకో. లేకపోతే బ్లూటూత్, నంబర్ల ప్యాడ్ చాలు. నంబర్లు, వేలిముద్రలు తాళంలోనే దాచుకునే రకం తీసుకో, నెట్ పోయినా కరెంటు పోయినా తెరుచుకుంటుంది.

బిగించే రోజున తలుపుకి కన్నం పెట్టాల్సి వస్తే, తాళాన్ని పెట్టెలోంచి బయటికే తియ్యకు. రంపపు పొట్టు మోటారులోకి పోతే తీసే దారి లేదు. స్క్రూలు చేత్తోనే తిప్పు, బ్యాటరీ డ్రిల్ పెట్టి బర్రుమనిపించకు. తాళానికి లోపలా బయటా ఉండే రెండు పలకలూ రెక్కని మరీ గట్టిగా నొక్కేస్తే మధ్యలో తిరిగే కడ్డీ పట్టేసి మోటారు మూలుగుతుంది. బయటి పలక నుంచి లోపలికొచ్చే సన్నటి వైరు ఒకటుంటుంది, దాన్ని దానికోసమే చేసిన గాడిలో సర్ది, పలక కింద నలగకుండా చూసి, అప్పుడు బిగించు. ఓ ఇంట్లో ఆ వైరు నలిగి, బయట ప్యాడ్ వెలుగుతుంది కానీ నంబరు తీసుకోదు. నేను మొత్తం విప్పి మళ్లీ బిగించేసరికి సాయంత్రమైంది.

బ్యాటరీలు వేశాక తలుపు తెరిచే ఉంచు. అలా తెరిచి ఉంచే పది ఇరవై సార్లు గడియ వేసి తీసి చూడు. నంబరుతో, వేలితో, ఫోన్‌తో, చివరికి తాళంచెవితో కూడా. మోటారు చప్పుడు ప్రతిసారీ ఒకేలా ఉండాలి. గుర్‌మని మొదలై చివర్లో గొంతు మందగిస్తే ఎక్కడో పట్టేస్తోందని లెక్క. ఇదంతా అయ్యాకే తలుపు మూసి చూడు, అదీ ఇంకో మనిషి లోపల ఉన్నప్పుడు.

ఇంత గట్టిగా ఎందుకు చెబుతున్నానంటే, మా ఇంటికి మొదటిది బిగించినప్పుడు నేను చేసిన నిర్వాకం విను. అన్నీ అమర్చి, ముప్పై సెకన్లకి దానంతటదే పడేలా ఆటోలాక్ పెట్టి, బయట నుంచి ఎలా కనిపిస్తోందో చూద్దామని గుమ్మం దాటాను. గాలికి తలుపు పడింది. నా వెనకాల గుర్‌మంది. ఫోన్ లోపల స్టూలు మీద. తాళంచెవి, అది వచ్చిన అట్టపెట్టెలోనే. పొద్దున్నే మార్చిన నంబరు చివరి రెండంకెలు 47 అనుకుంటే కాదు, 74 అనుకుంటే కాదు, అయిదోసారికి ప్యాడ్ ఎర్రగా వెలిగి కాసేపు నన్ను పక్కన పెట్టేసింది. చేతిలో స్క్రూడ్రైవరు పట్టుకుని, నా తలుపు ముందు నేనే మెట్ల మీద కూర్చున్నాను. మీ పెద్దమ్మ వచ్చేదాకా అదే గతి. ఆవిడ ఏమందో రాయను, నువ్వు ఊహించుకోగలవు.

అందుకే, తాళంచెవి ఇంట్లో పెట్టకు. నమ్మకమైన మనిషి దగ్గర, ఇంటి బయట ఉండాలి. ఆటోలాక్ పెట్టుకుంటానంటే తలుపు మూసుందో తెరిచుందో కనిపెట్టే అయస్కాంతపు సెన్సర్ ఉన్నది తీసుకో, లేకపోతే తలుపు తెరిచి ఉండగానే గడియ బయటికొచ్చి, నువ్వు తోసేసరికి ద్వారబంధాన్ని గుద్దుతుంది. గడువు మూడు నిమిషాలైనా పెట్టు.

వైఫైకి కలిపేటప్పుడు చాలామంది ఒక్కచోటే ఆగిపోతారు. ఈ తాళాల్లో ఎక్కువభాగం 2.4 గిగాహెర్ట్జ్ వైఫైనే పట్టుకుంటాయి, 5 గిగాహెర్ట్జ్‌ది వాటి కంటికి ఆనదు. రూటరు రెండింటికీ ఒకే పేరు పెట్టి ఉంటే కలిపేంతసేపూ 5ని ఆపేసి, తర్వాత మళ్లీ పెట్టుకో. ఇనుప తలుపైతే సిగ్నల్ తగ్గుతుంది, ముందే ఫోన్‌తో తలుపు దగ్గర నిలబడి చూసుకో. ఇంకోటి, ఎప్పుడైనా వైఫై పాస్‌వర్డ్ మార్చావో, తాళానికి కూడా కొత్తది చెప్పాలి. ఆ సంగతి మర్చిపోయి తాళం పాడైందని నాకు ఫోన్ చేసినవాళ్లున్నారు. పెట్టెతో వచ్చిన క్యూఆర్ కోడ్ చీటీ పారెయ్యకు, ఫోటో తీసి దాచుకో. మళ్లీ మొదటి నుంచి కలపాలంటే అదే దిక్కు.

ఫ్యాక్టరీ నుంచి వచ్చిన నంబరు మొదటి పనిగా మార్చు, అది పుస్తకంలో అందరికీ అచ్చేసి ఇచ్చిందే. పుట్టినరోజులు, 1234లు వద్దు. నంబరుకి ముందూ వెనకా ఉత్తుత్తి అంకెలు కొట్టినా తెరుచుకునే సదుపాయం కొన్నిటికుంటుంది, పక్కన ఎవరైనా నిలబడ్డప్పుడు పనికొస్తుంది. ప్యాడ్‌ని అప్పుడప్పుడు తుడుస్తూ ఉండు, లేకపోతే నీ నాలుగంకెల మీదే వేలి జిడ్డు మెరుస్తూ ఉంటుంది. ఇంట్లో అందరికీ ఒకే నంబరు ఇవ్వకు. మనిషికొకటి పెడితే, ఒకరిది తీసెయ్యాల్సి వచ్చినప్పుడు మిగతావాళ్లని కదపక్కర్లేదు. రోజుకి ఒక గంట వచ్చి పని చేసి వెళ్లేవాళ్లకి ఆ గంటకే పనిచేసే నంబరు ఇవ్వొచ్చు. యాప్ ఖాతాకి రెండంచెల లాగిన్ పెట్టు, అంటే పాస్‌వర్డ్‌తో పాటు ఇంకో కోడ్ కూడా అడిగేది. మాటతో తలుపు తీసే స్పీకర్ సదుపాయం వస్తుంది, నా మాట విని దాన్ని ఆపేసి ఉంచు.

వేలిముద్రలు రెండు చేతులవీ ఇవ్వు, ఒక చేతిలో సంచి ఉంటుంది కదా. మీ నాన్న చేతులు గరుకు, ముద్ర అరిగి ఉంటుంది. ఆయనది అదే వేలు రెండుసార్లు, కాస్త కోణం మార్చి ఎక్కించు. అయినా మొండికేస్తే నంబరు నేర్పు, ఆయన్ని రోజూ గుమ్మంలో నిలబెట్టకు.

బ్యాటరీల విషయంలో పుస్తకంలో ఏ రకం వెయ్యమంటే అదే వెయ్యి. ఎక్కువగా ఏఏ సైజు ఆల్కలైన్ అడుగుతారు. ఛార్జ్ చేసుకునేవి వేస్తే, అవి 1.5 బదులు 1.2 వోల్టుల దగ్గరే ఉంటాయి కాబట్టి తాళానికి లెక్క తప్పుతుంది. లిథియంవి చివరిదాకా నిండుగా కనిపించి ఉన్నట్టుండి చచ్చిపోతాయి, హెచ్చరికకి టైమివ్వవు. పాతవీ కొత్తవీ కలపొద్దు. పూర్తిగా అయిపోయిన రోజు కోసం చాలా తాళాలకి అడుగున రెండు చిన్న బొడిపెలుంటాయి, వాటికి 9 వోల్టుల బ్యాటరీ ఆనించి పట్టుకుంటే తాళం లేస్తుంది, అప్పుడు నంబరు కొట్టొచ్చు. కొన్నిటికి యూఎస్‌బీ-సీ కన్నం ఉంటుంది. నువ్వు కొనేదానికి ఈ రెండిట్లో ఏదో ఒకటి ఉండాల్సిందే.

లోపలి నుంచి మాత్రం నంబరూ ఫోనూ ఏమీ అక్కర్లేకుండా, ఒక్క గుబ్బ తిప్పితే చీకట్లో కూడా తలుపు తెరుచుకోవాలి. అర్ధరాత్రి పొగ కమ్ముకున్నప్పుడు యాప్ తెరుస్తూ నిలబడలేం. ఇది లేని తాళం ఎంత బాగున్నా వెనక్కి పెట్టెయ్యి.

ఈ ఆదివారం ఓ పని చెయ్యి. తలుపు అంచుకి టేపు ఆనించి మందం, కన్నం దూరం, రెండూ అంకెలు కనిపించేలా ఫోటోలు తీసి పంపు. లోపలివైపు నుంచి ఇప్పటి తాళం ఫోటో ఒకటి, మడతబందులు ఏ వైపున్నాయో తెలిసేలా తలుపు మొత్తం ఫోటో ఒకటి. మిల్లీమీటర్లలోనే రాయి. కిందటిసారి మీ నాన్న అంగుళాల్లో చెబితే, నేను చేయించిన కిటికీ రెక్క ఇప్పటికీ మా అటక మీదే ఉంది.

నీ పెదనాన్న