రక్తంలోని నీరు మూత్రపిండాల సంగతి చెబుతుందా?

ప్రశ్న: మా అమ్మగారికి పదేళ్లుగా మధుమేహం ఉంది. మూత్రపిండాల పనితీరు చూసే రక్తపరీక్ష క్రియాటినిన్ మామూలుగానే వస్తోంది. రక్తంలోని నీటి స్థిర ఐసోటోపులను (ఒకే మూలకంలో బరువు తేడా ఉన్న పరమాణువులను) కొలిచి మూత్రపిండాల పనితీరు అంచనా వేయవచ్చని చదివాను. ఇందులో రేడియోధార్మికత ఉంటుందా? ఆవిడకు చేయించవచ్చా?
– ఒక పాఠకురాలు

జవాబు: ముందుగా మీ భయం తీరుస్తాను. ఇందులో రేడియోధార్మికత లేదు. మనం తాగే నీటిలోనే సుమారు 6,400 హైడ్రోజన్ పరమాణువులకు ఒకటి డ్యుటీరియం అనే భారమైన హైడ్రోజన్‌గానూ, 500 ఆక్సిజన్ పరమాణువులకు ఒకటి ఆక్సిజన్-18 అనే భారమైన ఆక్సిజన్‌గానూ ఉంటాయి. ఇవి క్షీణించవు కనుకే స్థిర ఐసోటోపులన్నారు. ఒంట్లోకి ఏమీ ఎక్కించకుండా, కొద్దిపాటి రక్తంలోని నీటిని వేరుచేసి వాటి నిష్పత్తిని కొలుస్తారు. (భారజలం తాగించి ఒంట్లోని మొత్తం నీటిని లెక్కగట్టే పద్ధతి వేరు, అది 1934 నుంచీ ఉంది.)

కిటుకంతా ఆవిరిలో ఉంది. వెడల్పాటి పళ్లెంలో నీళ్లు పోసి వదిలేస్తే తేలిక అణువులు ఎక్కువగా లేచిపోయి, మిగిలిన నీటిలో భారమైన వాటి వాటా పెరుగుతుంది. ఊపిరితోనూ, చర్మం నుంచి కంటికి కనబడకుండా ఎగిరిపోయే ఆవిరితోనూ ఒంటి నీటికి జరిగేది ఇదే. మూత్రపిండం మాత్రం ఈ ఏరివేత చేయదు. మూత్రంలోని నీటి కూర్పు రక్తంలోని నీటి కూర్పుకు దాదాపు సమానం. అందువల్ల తాగే నీరూ మూత్రమూ తగ్గి, బయటికి పోయే నీటిలో ఆవిరి వాటా పెరిగితే, రక్తంలో భారమైన ఐసోటోపులు పెరగాలన్నది ఈ ఆలోచనకు ఆధారం.

ఆలోచన నిజంగా అందమైనదే, కానీ అది చెప్పేది నీటి రాకపోకల గురించి. మూత్రపిండాలు రెండూ కలిసి రోజుకు సుమారు 180 లీటర్ల ద్రవాన్ని వడపోస్తాయి; ఆ వడపోత మందగించిన తొలి దశలో మూత్రం తగ్గకపోవచ్చు, మూత్రాన్ని చిక్కబరిచే శక్తి తగ్గి రాత్రిళ్లు ఎక్కువగా కూడా రావచ్చు. చక్కెర అదుపు తప్పినా మూత్రం పెరుగుతుంది. పైగా వర్షపు నీటి ఐసోటోపుల కూర్పు అక్షాంశాన్ని, ఎత్తును బట్టి మారుతుంది కనుక, తాగే నీటితో పోల్చకుండా రక్తంలోని అంకెకు అర్థం చెప్పలేం.

కాబట్టి మీ అమ్మగారి విషయంలో దీని మీద ఆధారపడవద్దు. అయితే క్రియాటినిన్ ఒక్కటే చూసి నిశ్చింతగా ఉండటమూ సరికాదు. అది కండరాల నుంచి పుడుతుంది కనుక, కండ తగ్గిన పెద్దవారిలో మూత్రపిండాల శక్తి సగం దాకా పోయినా మామూలుగానే కనిపించవచ్చు. మూత్రంలో ఆల్బుమిన్ (ఒక ప్రోటీన్)-క్రియాటినిన్ నిష్పత్తి, రక్తంలో ఈజీఎఫ్‌ఆర్ (వడపోత వేగపు అంచనా) ఏటా తప్పక చూపించండి. మొదటిది గ్రాముకు 30 మిల్లీగ్రాములు దాటినా, రెండోది నిమిషానికి 60 మిల్లీలీటర్ల కంటే తగ్గినా, ఆ స్థితి మూడు నెలలకు మించి కొనసాగితే దీర్ఘకాలిక మూత్రపిండ వ్యాధిగా పరిగణిస్తారు. ఆవిడ బాగా సన్నగా ఉంటే కండతో అంతగా సంబంధం లేని సిస్టాటిన్-సి అనే రక్తపరీక్ష అవసరమా అని డాక్టరుగారిని అడగండి. వెళ్లేటప్పుడు పాత రిపోర్టులన్నీ వెంట తీసుకెళ్లండి.