ఓ2 పెడితే ఈఈప్రామ్ ఎక్కువ కాలం వస్తుందా?

ఏటీమెగా328పీ అనే ఏవీఆర్ చిప్‌లో పల్సుల లెక్కను నిమిషానికోసారి ఈఈప్రామ్‌లో (కరెంటు పోయినా చెరగని మెమరీలో) రాస్తున్నానని, కంపైలర్‌కి ఓ2 ఆప్టిమైజేషన్ (కోడ్‌ని వేగంగా నడిచేలా మలిచే సెట్టింగ్) పెడితే రాతలు తగ్గుతాయా అని అడిగారు. తగ్గవు. ఈ చిప్‌లో ఈఈప్రామ్‌కి అడ్రస్, డేటా, కంట్రోల్ రిజిస్టర్ల ద్వారానే రాయాలి. అవి వొలటైల్ (ప్రతి రాతా తప్పక జరగాలని కంపైలర్‌కి చెప్పే గుర్తు), కాబట్టి కంపైలర్ ఒక్క రాతనీ తీసెయ్యదు.

డేటాషీట్ ఇచ్చేది ఒక్కో చోటుకు 1,00,000 రాతలు. రోజుకు 1,440 చొప్పున 69 రోజుల్లో ఆ హద్దు దాటేస్తారు. ‘రైట్’ ఫంక్షన్ల బదులు ‘అప్‌డేట్’ ఫంక్షన్లు వాడండి; ముందు చదివి, మారిన బైటునే రాస్తాయి. కానీ 4 బైట్ల కౌంటర్‌లో కింది బైటు దాదాపు ప్రతిసారీ మారుతుంది. పై మూడూ నిలుస్తాయి, అదే ముందు పోతుంది.

అసలు మందు స్లాట్లు తిప్పడం, అంటే ప్రతిసారీ ఒకేచోట కాకుండా వరసగా తర్వాతి చోట రాయడం. 4 బైట్ల లెక్క, 2 బైట్ల సీఆర్సీ (డేటా చెడిందో లేదో తేల్చే సంఖ్య), మొత్తం 6 బైట్లు. అలాంటివి 64 పెడితే 1,024లో 384 బైట్లే పోతాయి, ఆయుష్షు 12 ఏళ్లకు వస్తుంది. ఇప్పుడు ఏ స్లాట్‌లో ఉన్నామన్న సంఖ్యను మాత్రం ఈఈప్రామ్‌లో ఒకేచోట దాచకండి. చాలామంది చేసే తప్పు ఇదే: ఈసారి ఆ బైటు అరుగుతుంది. బూట్ అవగానే 64 స్లాట్లూ చదివి, సీఆర్సీ సరిపోయిన వాటిలో పెద్ద లెక్కను తీసుకోండి. కొత్త చిప్‌లో అన్ని బైట్లూ ఎఫ్‌ఎఫ్‌లే (255) ఉంటాయి, వాటిని ఖాళీ కింద విడిగా చూడండి. బైటుకు 3.3 మిల్లీసెకన్లు పడుతుంది కాబట్టి స్లాట్ మధ్యలో కరెంటు పోవచ్చు. సీఆర్సీని చివర రాయండి, బ్రౌన్-అవుట్ డిటెక్టర్ (వోల్టేజ్ పడిపోతే చిప్‌ని రీసెట్ చేసేది) ఆన్‌లో ఉంచండి.

కంపైలర్ పనికొచ్చేది మెమరీకి నేరుగా రాసే చిప్‌లలో, ఉదాహరణకు ఎఫ్‌ర్యామ్ (ర్యామ్‌లా నేరుగా రాయగల, కరెంటు పోయినా చెరగని మెమరీ) ఉన్న ఎంఎస్‌పీ430ఎఫ్‌ఆర్5969. లూప్‌లో ఎఫ్‌ర్యామ్‌లోని ‘టోటల్’కి కూడుతుంటే కంపైలర్ ఇచ్చే అసెంబ్లీ లిస్టింగ్‌లో ‘యాడ్ @ఆర్12+, &టోటల్’ అని కనిపించిందా, ప్రతి చుట్టుకూ ఒక రాత పడుతున్నట్టే. వొలటైల్, లూప్‌లో బయటి ఫంక్షన్ కాల్, ‘టోటల్’ టైపుకే చెందిన పాయింటర్లు: ఈ మూడింటిలో ఏది ఉన్నా కంపైలర్ ఆ రాతను లూప్ బయటికి తేలేదు. లోకల్ వేరియబుల్‌లో కూడి, చివర ఒక్కసారి రాయండి. పాయింటర్లకు రెస్ట్రిక్ట్ (ఆ చోటును ఇంకెవరూ తాకరని కంపైలర్‌కి ఇచ్చే మాట) పెట్టండి. లోకల్ వేరియబుల్స్ ఉండే స్టాక్‌ని లింకర్ స్క్రిప్ట్‌లో (ఏది ఏ మెమరీలో ఉండాలో చెప్పే ఫైల్‌లో) 2 కేబీ ఎస్‌ర్యామ్‌లోనే ఉంచండి. ఎఫ్‌ర్యామ్‌కి 10^15 సార్ల ఓపిక ఉంది, తొందర లేదు. అదే 10^8 దగ్గర ఆగే ఫేజ్-చేంజ్ మెమరీలో సెకనుకు వెయ్యి రాతలు ఒకే సెల్‌కి పడితే 28 గంటల్లో హద్దు చేరుతుంది.

లోకల్‌లో ఉన్నది కరెంటు పోతే పోతుంది. ఎన్ని చుట్ల లెక్క పోయినా ఫర్వాలేదో ముందు తేల్చుకుని, అన్ని చుట్లకోసారి రాయండి.