రైలు ముక్కుని చూసి మోసపోకండి

ఈసారి వచ్చిన ప్రశ్నల్లో సగానికి పైగా రైలూ గాలీ చుట్టూనే తిరిగాయి. ఒకేలా ఉన్నవాటిని కలిపేసి జవాబులు రాస్తున్నాను.

ప్రశ్న: బుల్లెట్ రైలుకి ముక్కు అంత పొడుగ్గా ఎందుకు? గాలిని చీల్చుకుపోవడానికే అయితే, మామూలు ఇంజన్లకి కూడా అలాంటిది తగిలిస్తే బోలెడు కరెంటు ఆదా అవుతుంది కదా?

జవాబు: గాలిని చీల్చడానికే అని నేనూ చాలాకాలం అనుకున్నాను. కానీ లెక్క చూడండి. 400 మీటర్ల రైలుకి ఎదురుగా కనిపించే భాగం పన్నెండు చదరపు మీటర్లకి అటూ ఇటూ ఉంటుంది, పక్కలూ పైకప్పూ అడుగుభాగమూ కలిపితే నాలుగు వేల పైమాటే. ఇంత ఒంటిని గాలి రాసుకుంటూ పోవాలి, పెట్టెకీ పెట్టెకీ మధ్య సందుల్లో సుడి తిరగాలి, కింద చక్రాల దగ్గరా పైన కరెంటు తీసుకునే పాంటోగ్రాఫ్ దగ్గరా చిక్కుకోవాలి. బండిని వెనక్కి లాగేది ఎక్కువగా ఇవే. ముక్కు కాస్త గుండ్రంగా ఉంటే దాని వంతు పని అయిపోయినట్టే, ఇంకో పది మీటర్లు సాగదీసినా బయట పట్టాల మీద ఒరిగేది చాలా తక్కువ.

మరి ఆ ముక్కు దేనికంటే, సొరంగాల కోసం. సైకిల్ పంపులో పిస్టన్ దూరినట్టు రైలు సొరంగంలో దూరుతుంది. లోపలి గాలికి పక్కకి తప్పుకునే చోటు ఉండదు, నొక్కుకుపోతుంది, ఆ నొక్కుడు ఒక తరంగమై ధ్వని వేగంతో రైలుకంటే ఎంతో ముందే అవతలి నోటికి చేరుతుంది. సొరంగం పొడవుగా ఉండి, పట్టాల కింద కంకర బదులు కాంక్రీటు పలకలు ఉంటే దారిలో ఆ తరంగం ఇంకా నిటారుగా మారి (అంటే పీడనం మెల్లగా కాక ఒక్కసారిగా ఎగిరేలా తయారై), బయటికి రాగానే ఢామ్మని పేలుతుంది (కంకర ఉంటే రాళ్ళ సందులు దాన్ని కొంత మింగేస్తాయి). జపాన్‌లో 1975లో హకాతా స్టేషన్ దాకా పొడిగించిన సాన్‌యో బుల్లెట్ రైలు మార్గంలో సొరంగాలూ ఎక్కువే, కాంక్రీటు పలకలూ ఎక్కువే, ఈ గొడవ మొదట బయటపడింది అక్కడే. పైగా వాళ్ళ సొరంగాలు ఇరుకు: రెండు పట్టాల సొరంగం సుమారు 64 చదరపు మీటర్లు. యూరప్‌లో ఆ వేగాలకి కట్టినవి 100 దగ్గర ఉంటాయి.

ముక్కు సన్నగా మొదలై నిదానంగా లావెక్కితే గాలి ఒక్కసారిగా కాకుండా మెల్లమెల్లగా నొక్కుకుంటుంది, పేలుడు తగ్గుతుంది. 1997లో గంటకి 300 కి.మీ. వేగంతో మొదలైన 500 సిరీస్ అనే జపాన్ బుల్లెట్ రైలుకి 15 మీటర్ల ముక్కు పెట్టింది అందుకే. ఆ పనిలో ఉన్న ఇంజనీరు ఎయిజి నకాత్సుకి పక్షులంటే పిచ్చి, నీటిలోకి చిమ్మకుండా దూకే లకుముకి పిట్ట ముక్కు ఆయనకి దారి చూపించిందని చెబుతారు. అయితే పిట్టని చూసి బొమ్మ గీసేసినట్టు ప్రచారమయ్యే కథ నాకంత నచ్చదు, రకరకాల ఆకారాలని గొట్టాల్లోకి పేల్చి పీడనం కొలిచిన శ్రమ అందులో మాయమైపోతుంది. ముక్కు ఒక్కటే సరిపోక, సొరంగం నోటి ముందు కిటికీలు పెట్టిన గూడులాంటిది కూడా కడతారు.

ఇక మామూలు ఇంజన్ల సంగతి. గాలి అడ్డు వేగం వర్గంతో పెరుగుతుంది, దాన్ని నెట్టడానికి కావలసిన పవర్ వేగం ఘనంతో పెరుగుతుంది. 100 నుంచి 200కి వెళితే అడ్డు నాలుగింతలు, పవర్ ఎనిమిదింతలు. తిరగేసి చూస్తే, ఊరూరా ఆగుతూ 100 లోపు నడిచే బండికి గాలి అంత పెద్ద శత్రువు కాదు, ఆగిన ప్రతిసారీ ఆ బరువుని మళ్ళీ కదపడానికే ఎక్కువ ఖర్చవుతుంది. ముక్కు మీద పెట్టే డబ్బుతో పెట్టెల మధ్య సందులు మూస్తే అంతకంటే లాభం.

ప్రశ్న: సొరంగంలో చెవులు ఎందుకు దిబ్బళ్ళు వేస్తాయి?

జవాబు: పైన చెప్పిన తరంగమే. అది సొరంగం రెండు నోళ్ళ మధ్య అటూ ఇటూ తిరుగుతూ బండిని దాటినప్పుడల్లా పీడనం మారుతుంది. ఎదురుగా ఇంకో రైలు కూడా వస్తే రెట్టింపు గోల. అందుకే వేగం బళ్ళ పెట్టెలని గాలి చొరబడకుండా బిగిస్తారు. గుటక వెయ్యండి, చాలు.

ప్రశ్న: ప్లాట్‌ఫాం అంచున నిలబడితే దూసుకుపోయే రైలు మనల్ని లోపలికి లాగేస్తుందంటారు, నిజమేనా?

జవాబు: లాగుతుంది, కానీ వాక్యూమ్ క్లీనర్ లాగా కాదండి. ఇంజను మనల్ని దాటేటప్పుడు గాలి ముందు బయటికి నెడుతుంది, రెప్పపాటులో లోపలికి గుంజుతుంది. నెట్టిన దానికి ఎదురుగా కాలు బిగించి నిలబడతాం కదా, సరిగ్గా అప్పుడే గుంజుడు వస్తుంది, మనిషి తూలేది అక్కడే. ఆ తర్వాత రైలు తన వెంట ఈడ్చుకుపోయే గాలి, అంటే బండి వెళ్ళే దిక్కుకే వీచే గాలి. ఒక్కో పెట్టె దాటేకొద్దీ ఆ పొర మందమవుతుంది. వేగం రైళ్ళలో అన్నిటికంటే పెద్ద విసురు తరచూ చివరి పెట్టె పోయాక వస్తుంది. కాబట్టి రైలు పోయిందిలే అని వెంటనే ముందుకి అడుగు వెయ్యకండి. బెర్నౌలీ సూత్రం (గాలి వేగం పెరిగితే పీడనం తగ్గుతుందనేది) వల్లే లాగుతుందని బళ్ళో చెప్పేస్తారు గానీ, ఈ ఈడ్చుకుపోయే గాలికి ఆ సూత్రాన్ని నేరుగా అంటగట్టడం కుదరదు.

చాలామందికి తెలియనిది ఇంకొకటి: నెమ్మదిగా పోయే గూడ్స్ బండి కొన్నిసార్లు ఎక్స్‌ప్రెస్ కంటే ప్రమాదం. ఎత్తుపల్లాల కంటైనర్లు, మధ్యలో ఖాళీలు ఉండటంతో గాలి కుదుపులు కుదుపులుగా వస్తుంది. బ్రేకు వెయ్యని పిల్లల తోపుడు బళ్ళు ఆ గాలికి దొర్లి రైలుకి తగిలిన ఘటనలు బ్రిటన్‌లో జరిగాయి.

ప్రశ్న: అన్ని టన్నుల రైలుని గాలి పడగొట్టగలదా?

జవాబు: పడగొట్టింది కూడా. 1986 డిసెంబర్ 28న జపాన్‌లో 41 మీటర్ల ఎత్తున్న అమరూబే వంతెన మీద నుంచి ప్రయాణికులు లేని పెట్టెలు ఈదురుగాలికి కింద ఉన్న పీతల ఫ్యాక్టరీ మీద పడి ఆరుగురు చనిపోయారు. బరువైన ఇంజను మాత్రం పైనే ఉండిపోయింది. వేగం కోసం పెట్టెల బరువు తగ్గించేకొద్దీ ఈ భయం పెరుగుతుంది, అందులోనూ పక్కగాలి దెబ్బ మొదటి పెట్టెకే ఎక్కువ. వంతెనల మీదా ఎత్తైన కట్టల మీదా గాలి కొలిచే యంత్రాలు పెట్టి, హద్దు దాటితే రైళ్ళ వేగం తగ్గించడమో ఆపేయడమో చేస్తారు.

ప్రశ్న: ఖాళీ బొగ్గు వ్యాగన్లు లాగడం తేలికే కదా?

జవాబు: బరువు వరకు తేలికే. గాలి వరకు తిరకాసు: పైన మూతలేని ఖాళీ వ్యాగన్‌లో గాలి దూరి వెనక గోడని కొడుతుంది, నిండుగా ఉంటే బొగ్గు మీదుగా జారిపోతుంది. గాలి అడ్డు ఖాళీ బండికే ఎక్కువ.