అత్తమామలతో క్యాంపింగ్: వెళ్లాలా, మానాలా?

ప్రశ్న: ఆస్ట్రేలియాలోని పెర్త్‌లో ఉంటున్నాం. సెప్టెంబరు నెలాఖరు సెలవుల్లో తొమ్మిది రోజులు తీరం వెంట ఎక్స్‌మౌత్ దాకా కారులో క్యాంపింగ్ అని మావారు నిర్ణయించేశారు. ఒంగోలు నుంచి వచ్చిన అత్తయ్యగారు, మామయ్యగారు కూడా వస్తారు. ఆవిడకు మోకాళ్ల నొప్పులు. ఆయనకు షుగర్, ఇన్సులిన్ వేసుకుంటారు. పోయినేడు గాలికి టెంటు కూలితే మావారు స్నేహితుల ముందే నా మీద అరిచారు. రెండు వారాలు మాటల్లేవు. ఈసారి వద్దంటే "మా అమ్మానాన్నలతో రావడం ఇష్టం లేదా?" అంటున్నారు. పన్నెండేళ్ల పాప రానని మొండికేసింది. ఏం చేయమంటారు?

సమాధానం: వెళ్లండి. అయితే ఇప్పుడు వేసుకున్న ప్లాన్‌తో మాత్రం వద్దు.

ఆ తీరంలో వసంతం (అక్కడ సెప్టెంబరులో వస్తుంది) మొదలుకొని మధ్యాహ్నం దాటితే దక్షిణపు గాలి లేస్తుంది. నేల వేడెక్కేకొద్దీ సముద్రం మీది చల్లగాలి తోసుకొస్తుంది. గంటకు 30-40 కిలోమీటర్ల వేగం అక్కడ మామూలే. జెరాల్డ్‌టన్ దగ్గర గ్రీనఫ్‌లో ఆ ఉప్పుగాలికి చెట్లు నేల మీదకు వంగి పెరిగాయి, దారిలో మీరే చూస్తారు. రోజంతా కారు నడిపి, ఆకలితో, సాయంత్రం నాలుగింటికి అలాంటి గాలిలో టెంటు ఎత్తితే ఎవరి గొంతైనా లేస్తుంది. ఆ హోరులో మాట వినబడాలంటే అరవాలి, అరిస్తే అవతలివాళ్లకు తిట్టులాగే తగులుతుంది. అంతవరకూ సరే. నలుగురిలో మిమ్మల్ని అన్న మాటల్ని, ఆ తర్వాతి రెండు వారాల మౌనాన్ని మాత్రం గాలి ఖాతాలో వేయకండి. వాటి గురించి ఆయన మీతో మాట్లాడాల్సిందే.

పాప పడుకున్నాక, పెద్దవాళ్లు వినని చోట, ఒక్క విషయమే చెప్పండి: "అత్తయ్యవాళ్లతో రావడం నాకు ఇష్టమే. పోయినసారి అందరి ముందూ అరిచారు, అది ఇంకా గుచ్చుకుంటోంది. మళ్లీ అలా జరగకుండా ఏం చేద్దామో కూర్చుని రాసుకుందాం." ఆయన పాత లెక్కలు తీస్తే ఆ రాత్రికి ఆపేసి మర్నాడు మళ్లీ మొదలుపెట్టండి.

అసలు పెద్దవాళ్లను ఎవరైనా అడిగారా? "మాదేముంది నాయనా, మీ ఇష్టం" అంటే ఒప్పుకున్నట్టు కాదు. కొడుకే విడమరిచి అడగాలి: నేల మీది పరుపు మీంచి లేవగలవా అమ్మా? రాత్రిపూట టార్చి పట్టుకుని బాత్రూమ్ దాకా ఇసుకలో నడవగలవా? వాళ్లు సరేనన్నా సరే, కారవాన్ పార్కులో (టెంట్లకు జాగా, చిన్న గదులు అద్దెకిచ్చే చోటు) వాళ్లిద్దరికీ కేబిన్ తీసుకుని, అదే పార్కులో మీ టెంటు వేసుకోండి. ఇందులో రాజీ పడకండి.

ఎక్స్‌మౌత్ ఒకవైపే సుమారు 1,250 కిలోమీటర్లు. ఆ మోకాళ్లతో, ఐదుగురు ఇరుక్కున్న కారులో అది ఎక్కువ. ఈసారికి జెరాల్డ్‌టన్ దాటాక వచ్చే కల్బరి చాలు. జెరాల్డ్‌టన్‌కు 420 కిలోమీటర్లు, అక్కడ రెండు రాత్రులు ఆగితే మర్నాటి ప్రయాణం రెండు గంటల్లోపే. కల్బరిలో 2020లో తెరిచిన స్కైవాక్ (లోయ మీదికి చొచ్చుకొచ్చిన నడక వంతెన) మీద, లోయకు వంద మీటర్ల ఎత్తున, వీల్‌చెయిర్ కూడా వెళ్తుంది కాబట్టి అత్తయ్యగారూ చూడగలరు. చీకటిపడే వేళకు కారు ఆగిపోవాలి, కంగారూలు రోడ్డు మీదికొచ్చేది అప్పుడే.

మధ్యాహ్నం పన్నెండులోపు చేరితే టెంటు గొడవ సగం తీరినట్టే. ఎత్తు తక్కువగా ఉండే డోమ్ టెంటు మంచిది. ఇరుకు వైపు దక్షిణానికి పెట్టి, కడ్డీలు ఎత్తకముందే ఆ వైపు రెండు మూలలూ మేకులతో బిగించండి. టెంటుతో వచ్చే సన్న మేకులు ఇసుకలో నిలవవు, ఊడిపోతాయి. 40 సెంటీమీటర్ల పొడవున్న, వెడల్పాటి ఇసుక మేకులు కొనండి. తాళ్లు ఒక్కటీ వదలకుండా కట్టండి. దక్షిణం వైపు కారు అడ్డం పెట్టండి. ఏం చేయాలో ఒక్కరే చెప్పాలి, ఆ ఒక్కరు ఎవరన్నది ఇంట్లోనే తేల్చుకోండి. 40 కిలోమీటర్లు దాటిన ఈదురుగాలులు వస్తాయని ఆ రోజు వాతావరణ సూచనలో ఉంటే టెంటు ఊసే వద్దు, అందరూ కేబిన్‌లోనే. ఈ హద్దు ముందే రాసుకుంటే అక్కడ వాదన ఉండదు.

గాలిలో స్టవ్ మంట నిలవదు, అన్నం ఉడకదు. గాలి తప్పించుకోవడానికి గ్యాస్ స్టవ్ టెంటులో వెలిగిస్తే కార్బన్ మోనాక్సైడ్ ప్రాణం తీస్తుంది, ఆ పని ఎప్పుడూ చేయకండి. పొద్దున్నే పులిహోర కలిపేసుకుంటే రాత్రికి ఇబ్బంది ఉండదు. ఇన్సులిన్ వేసుకున్నాక భోజనం ఆలస్యమైతే మామయ్యగారికి షుగర్ పడిపోతుంది. ఆయన జేబులోనే గ్లూకోజ్ ఉండాలి. ఇన్సులిన్‌ను చల్లటి పెట్టెలో పెట్టండి కానీ ఐసుకు తగలనివ్వకండి, గడ్డకడితే పనికిరాదు.

పాప వద్దంటున్నది బీచ్‌ని కాదేమో. అమ్మానాన్నల గొడవ మళ్లీ చూడలేక కావచ్చు. "పోయినసారి భయమేసిందా?" అని విడిగా అడిగి, చెప్పేది అడ్డుపడకుండా వినండి. ఒక రోజు ప్రోగ్రాం పూర్తిగా తనకే వదిలేయండి.

ఇంట్లో కూడా ఆయన తరచూ ఇలాగే అరుస్తుంటే, మీకు భయం వేస్తుంటే, అది క్యాంపింగ్ సమస్య కాదు. అప్పుడు ఈ సలహాలేవీ చాలవు. గృహహింస బాధితులకు సాయం చేసే ఆస్ట్రేలియా హెల్ప్‌లైన్ 1800 737 732కి ఫోన్ చేయండి. రాత్రీపగలూ పనిచేస్తుంది, దుబాసీని కూడా ఏర్పాటు చేస్తారు.