ఆవిడ “మీ ఇష్టం” అన్నారు, మరి కారు కొనేయనా?

ప్రశ్న: నాకు 47 ఏళ్లు. పెళ్లయి 22 ఏళ్లయింది. అమ్మాయి చదువు ఈ ఏడాదితో పూర్తవుతుంది. అబ్బాయికి 19 ఏళ్లు, ఈ మధ్యే లైసెన్స్ వచ్చింది. సూపర్‌చార్జర్ ఉన్న స్పోర్ట్స్ కారు కొనుక్కోవాలని కాలేజీ రోజుల నుంచీ నా కోరిక. ఎనిమిది నెలల క్రితం మా నాన్నగారు పోయారు. ఆయన ఇల్లు అమ్మగా నా వాటా డబ్బు చేతికొచ్చింది. ఐదేళ్లు వాడిన వి-ఎయిట్ (ఎనిమిది సిలిండర్ల ఇంజన్) టూ సీటర్ ఒకటి అమ్మకానికి ఉంది. ధరలో ముప్పావు వంతుకి నా దగ్గరున్న డబ్బు సరిపోతుంది, మిగతాది ఐదేళ్ల లోన్. ఫ్రెండ్‌తో వెళ్లి నడిపి చూశాను. యాక్సిలరేటర్ మీద కాలు ఆనించగానే వచ్చిన శబ్దం ఇంకా చెవుల్లోనే ఉంది. ఇలాంటి కార్లు ఇక తయారు కావట్లేదు, ఇప్పుడు కాకపోతే ఇంకెప్పుడూ కాదు. మా ఆవిడకి చెబితే “మీ ఇష్టం” అంది. ధర ఎంతని కూడా అడగలేదు. కారు బాగా కిందికి ఉంటుంది, నీ మోకాలి నొప్పికి ఎక్కడం కష్టమేమో అన్నాను. “నేనెక్కేదెప్పుడులెండి” అంది. అప్పటి నుంచి అవసరమైతే తప్ప మాట్లాడట్లేదు. అమ్మేవాళ్లు వారంలో తేల్చమంటున్నారు. కొంత అడ్వాన్స్ ఇచ్చాను, అది ఇంట్లో తెలియదు. ఇన్నేళ్లలో నాకోసం ఏమీ కొనుక్కోలేదు. నాది తప్పా?

జవాబు: కోరిక తప్పు కాదు. ముందు ఈ మాట చెప్పేస్తున్నాను, ఎందుకంటే మీ ఉత్తరం నిండా సంజాయిషీయే కనిపిస్తోంది. ఇరవై రెండేళ్లు ఇంటి బరువు మోసిన మనిషి తనకంటూ ఒకటి కావాలనుకుంటే దానికి ఎవరికీ సంజాయిషీ చెప్పుకోనక్కర్లేదు. అయినా ఈ వారం మాత్రం కారు కొనకండి. ఎందుకో చెబుతాను.

మా అన్నయ్య ముప్ఫై ఏళ్లుగా కార్ల వర్క్‌షాప్ నడుపుతున్నాడు. మీ ఉత్తరం చదివాక ఆయనతో చాలాసేపు మాట్లాడాను. మిమ్మల్ని అంతగా పట్టేసింది ఏమిటో అప్పుడు కొంత అర్థమైంది. ఇంజన్‌లోకి గాలిని అదిమి పంపడానికి టర్బో, సూపర్‌చార్జర్ అని రెండు రకాల యంత్రాలున్నాయి. టర్బో అయితే ఇంజన్ వదిలే పొగతో తిరుగుతుంది కాబట్టి అది పుంజుకోవడానికి కాస్త టైమ్ తీసుకుంటుందట. సూపర్‌చార్జర్‌ని ఇంజనే బెల్టుతో తిప్పుతుంది. అందుకే కాలు ఆనించిన మరుక్షణం సిలిండర్లలోకి గాలి ఎక్కువగా చేరిపోతుంది, కారు ముందుకి దూకుతుంది. సన్నగా ఈల వేసినట్టు వినిపించేది లోపల తిరిగే రోటర్ల చప్పుడు. అమెరికాలో రూట్స్ అన్నదమ్ములు 1860లో ఇలాంటి గాలి యంత్రానికి పేటెంట్ తీసుకునేనాటికి కార్లే లేవు. కొలుముల్లోకి, గనుల్లోకి గాలి కొట్టడానికి వాడేవాళ్లు. 1921లో బెర్లిన్ మోటార్ షోలో మెర్సిడెస్ సూపర్‌చార్జర్ కార్లు పెట్టింది. అంటే వందేళ్లుగా మనుషులు ఈ శబ్దానికి మనసు పారేసుకుంటూనే ఉన్నారు. మీ వయసు వల్లనో, చాపల్యం వల్లనో వచ్చిన కోరిక కాదిది.

ఇక “మీ ఇష్టం” దగ్గరికి వద్దాం. మీరు దాన్ని ఒప్పుకోలు కింద జమ కట్టుకున్నారు. భార్యాభర్తల మాటలు వినడమే నా పని. ఈ రెండు మాటలూ ఎన్ని వందలసార్లు విన్నానో చెప్పలేను. నిజంగా సరే అనుకున్నవాళ్లు ఊరుకోరు. ఏ రంగు అంటారు, ఎక్కడ పెడతాం అంటారు, ఇంత డబ్బా అని ఒకసారి కసురుతారు కూడా. “మీ ఇష్టం” అన్నవాళ్లు ఏమీ అడగరు. ధర కూడా అడగలేదని మీరే రాశారు. అంత పెద్ద మొత్తం ఇంట్లోంచి బయటికి పోతుంటే ఎంతని అడగలేదంటే, అడిగినా ప్రయోజనం లేదని ఆవిడ అప్పటికే ఒక నిర్ణయానికి వచ్చేశారు.

అలా ఎందుకు అనుకున్నారు? మీ ఉత్తరంలో వరస చూడండి. ముందు ఫ్రెండ్‌తో వెళ్లి కారు నడిపారు. లోన్ లెక్క వేసుకున్నారు. ఆవిడ విషయానికొచ్చేసరికి “చెబితే” అని రాశారు. “అడిగితే” అని రాయలేదు. ఈ ఒక్క మాట దగ్గర నేను చాలాసేపు ఆగాను. మీ మనసులో ఏమున్నా, ఆవిడకి వినిపించింది మాత్రం వార్తే. కారులో ఉన్నవి రెండే సీట్లు. రెండోదాంట్లో మొదట కూర్చున్నది మీ ఫ్రెండ్. మోకాలి సంగతి మీరు ప్రేమగానే అన్నారని నమ్ముతున్నాను, కానీ ఆ సమయంలో అది “నీకు ఇందులో చోటు లేదు” అన్నట్టే వినిపించి ఉంటుంది. “నేనెక్కేదెప్పుడులెండి” అన్నది నిష్ఠూరం. నిష్ఠూరమాడుతున్నారంటే మీ మీద ఆశ ఇంకా ఉందన్నమాట. ఆశ పూర్తిగా పోయాక మనిషి ఆ మాత్రం కూడా అనదు. అందుకే ఆలస్యం చేయొద్దంటున్నాను.

అడ్వాన్స్ సంగతి ఈ రాత్రికే చెప్పేయండి. కారు కన్నా నాకు ఎక్కువ టెన్షన్ పెట్టింది అదే.

రెండేళ్ల క్రితం అన్నయ్య వర్క్‌షాప్‌లో ఒకటి చూశాను. సూపర్‌చార్జర్ ఉన్న పాత కారు, బానెట్ ఎత్తి ఉంది. సూపర్‌చార్జర్‌ని మొత్తంగా విప్పి బల్ల మీద పెట్టారు, ఒక మనిషి రెండు చేతులా ఎత్తాల్సినంత బరువు. దాని కింద, ఇంజన్ మధ్య లోయలాంటి చోట, అరచేయి పొడవు ప్లాస్టిక్ గొట్టం చీలి ఉంది. ఇంజన్‌ని చల్లబరిచే కూలెంట్ కారి, ఎండి, చుట్టూ తెల్లగా ఉప్పు పేరుకున్నట్టు మరక. పాడైంది ఆ చిన్న గొట్టమే. కానీ దాన్ని చేరుకోవాలంటే పైనున్నదంతా విప్పాలి. బిల్లులో పెద్ద భాగం గొట్టానిది కాదు, విప్పి బిగించే కూలిది. ఆ కారు ఓనర్ పక్కనే నిలబడి ఇంటికి ఫోన్ చేశాడు. “చిన్న పనే, సాయంత్రానికి వచ్చేస్తా” అన్నాడు. ఫోన్ పెట్టేశాక చాలాసేపు తల దించుకునే ఉన్నాడు. ఆయన ముఖం నాకు బాగా గుర్తుంది. కారు వచ్చాక దాచాల్సిన బిల్లులు వరసగా వస్తాయి. అడ్వాన్స్ దాచిన మనిషికి అవి దాచడం అలవాటవుతుంది. మీరు ఆ దారిన వెళ్లకూడదని నా ఆరాటం.

డబ్బు గురించి అన్నయ్య చెప్పింది చెబుతాను. ఇలాంటి కారుకి ధర ఒక్కటే లెక్క కాదు. గాలిని అదిమినప్పుడు అది వేడెక్కుతుంది. ఆ వేడి తీయడానికి ఇంటర్‌కూలర్, చాలా కార్లలో దానికి వేరే నీళ్ల పంపు, వేరే గొట్టాలు ఉంటాయి. ఆక్టేన్ ఎక్కువున్న పెట్రోలే పోయాలి, తక్కువ రకం పోస్తే ఇంజన్‌లో నాకింగ్ (పెట్రోలు అదుపు తప్పి మండి, టకటకమని కొట్టుకోవడం) వచ్చే ప్రమాదముంది. వెనక టైర్లు వెడల్పు, రబ్బరు మెత్తన, త్వరగా అరుగుతాయి. బ్రేకు డిస్కులూ అంతే. బెల్టుకి వయసుంటుంది. చాలా సూపర్‌చార్జర్లకి విడిగా నూనె ఉంటుంది. ఇన్సూరెన్స్ మామూలు కారుది కాదు. మొదటి ఏడాదికి ఇవన్నీ ఎంతవుతాయో వర్క్‌షాప్‌లో, ఇన్సూరెన్స్ వాళ్ల దగ్గర కనుక్కొని ఒక కాగితం మీద రాయండి. దాని పక్కన లోన్ వాయిదా రాయండి. ఆ కాగితం ఆవిడ ముందు పెట్టండి.

లోన్ విషయంలో నా అభిప్రాయం సూటిగానే చెబుతాను. సరదా కోసం కొనే వస్తువుకి అప్పు వద్దు. ఐదేళ్లు వాడిన కారుకి ఇంకో ఐదేళ్ల అప్పు అంటే, చివరి వాయిదా కట్టేనాటికి పదేళ్ల కారు మీ చేతిలో ఉంటుంది. రిపేర్లు పెరిగేది కూడా అప్పుడే. ఉన్న డబ్బులో వచ్చే, ఇంతకన్నా చిన్న ఇంజన్ కారు చూడండి. లేదంటే తక్కువైన పావు వంతు మీరే కూడబెట్టే దాకా ఆగండి.

“ఇప్పుడు కాకపోతే ఇంకెప్పుడూ కాదు” అన్నారు. సగం నిజమే. డాడ్జ్ చాలెంజర్ 2023 మోడల్‌తో ఆగిపోయింది, జాగ్వార్ ఎఫ్-టైప్ తయారీ 2024లో ముగిసింది. కానీ కొత్తవి ఆగినంత మాత్రాన అమ్ముడైన కార్లు మాయమైపోవు. ఏడాది తర్వాత కూడా అమ్మేవాళ్లు ఉంటారు. వారం గడువు అమ్మేవాళ్ల అవసరం, మీది కాదు.

అసలు ఈ తొందర కారు వల్ల వచ్చింది కాదేమో అని నా అనుమానం. నాన్నగారు పోయి ఎనిమిది నెలలే అయింది. ఆయన గురించి మీ ఉత్తరంలో ఒక్క వాక్యం ఉంది, కారు గురించి పది ఉన్నాయి. తండ్రి పోయాక చాలామంది మగవాళ్లకి “ఇక వరసలో తర్వాత నేనే” అనిపిస్తుంది. ఏడవడానికి చోటు దొరకదు. ఏదో ఒకటి చేసేయాలనిపిస్తుంది, అదీ వెంటనే. ఆయన ఇల్లు అమ్మిన డబ్బు బ్యాంకులో అలా ఉండటం కూడా మీకు బరువుగానే ఉండి ఉండొచ్చు. నాన్నగారి మొదటి ఏడాది గడిచే దాకా ఆ డబ్బుతో పెద్ద నిర్ణయాలేవీ వద్దు. ఆ తర్వాత కూడా ఇదే కోరిక ఇంతే గట్టిగా ఉంటే, అప్పుడు నాకూ అభ్యంతరం లేదు. ఈలోగా ఆయన గురించి ఇంట్లో మాట్లాడండి. మీ ఆవిడ ఆయన్ని 22 ఏళ్లు మామగారిగా చూశారు. ఆవిడకీ చెప్పుకోవాల్సినవి ఉంటాయి.

అబ్బాయి సంగతి మీరు ఒక్క ముక్కలో దాటేశారు. ఆవిడ మాత్రం దాటేసి ఉండరు. పందొమ్మిదేళ్ల కుర్రాడు, కొత్త లైసెన్స్, ఇంట్లో వి-ఎయిట్. వేగం రెట్టింపైతే బ్రేకు వేశాక కారు ఆగడానికి పట్టే దూరం దాదాపు నాలుగింతలవుతుంది. అనుభవం లేని కాలికి ఆ సంగతి తెలియదు. 2015 మోడల్‌గా సూపర్‌చార్జర్ ఉన్న చాలెంజర్ హెల్‌క్యాట్ వచ్చినప్పుడు దానికి రెండు తాళాలిచ్చారు. ఎర్ర తాళంతో ఇంజన్ పూర్తి బలం, 707 హార్స్‌పవర్. నల్ల తాళంతో 500 దాటదు. ఆ కారు ఇంకొకళ్ల చేతికి వెళ్తే ఏమవుతుందో తయారు చేసినవాళ్లకే తెలుసన్నమాట. మీరు ఎప్పుడు కొన్నా, కారు ఇంటికి రాకముందే, తాళం వాడి చేతికి ఇవ్వనని వాడికి చెప్పండి. ఆవిడ ఎదుటే చెప్పండి. అలుగుతాడు, అలగనివ్వండి.

ఈ కారుని కొనకపోయినా ఎలా చూడాలో తెలుసుకోవడం మంచిది. అమ్మేవాళ్లకి సంబంధం లేని మెకానిక్‌తో లిఫ్ట్ ఎక్కించి చూపించాలి. రాత్రంతా ఆపిన ఇంజన్‌ని ఉదయాన్నే మీ కళ్లెదుట స్టార్ట్ చేయించాలి. బలం పెంచడానికి ఎవరైనా సూపర్‌చార్జర్ పుల్లీ (బెల్టు తిప్పే చక్రం) మార్చి చిన్నది వేశారా, ఇంజన్ కంప్యూటర్‌లో సెట్టింగులు మార్చారా అని అడగాలి. మార్చి ఉంటే వదిలేయమంటాడు అన్నయ్య. సర్వీస్ కాగితాలు లేకపోయినా అంతే.

ఈ రాత్రి ఆవిడతో ఏమనాలో తోచకపోతే ఇలా మొదలుపెట్టండి: “నిన్ను అడగకుండానే అడ్వాన్స్ ఇచ్చాను. చెప్పకుండా దాచాను. తప్పు నాదే. రేపు ఫోన్ చేసి కొనట్లేదని చెబుతున్నాను.” ఇక్కడ ఆపేయండి. “కానీ నేనూ మనిషినే కదా” అని వెంటనే అందుకోకండి. ఆవిడ ఏడిస్తే ఏడవనివ్వండి, కోప్పడితే వినండి. అడ్వాన్స్‌లో కొంత పోయినా పోనివ్వండి.

కొన్నాళ్లయ్యాక, మాటలు మామూలయ్యాక, ఇలాంటి కారే ఒకటి రెండు రోజులకి అద్దెకి తీసుకోండి. ఈసారి రెండో సీట్లో ఆవిడే ఉండాలి. ఎక్కేటప్పుడు ముందుగా సీట్లో పక్కకి తిరిగి కూర్చొని, తర్వాత రెండు కాళ్లూ కలిపి లోపలికి తిప్పితే మోకాలి మీద బరువు తక్కువ పడుతుంది. అయినా కష్టంగానే ఉంటే అదీ తెలుస్తుంది, కొంచెం ఎత్తున్న నాలుగు సీట్ల కారు వెతకొచ్చు. వేగం చూపించి ఆవిడని మెప్పించాలని చూడొద్దు. ట్రాఫిక్ లేని రోడ్డు మీద నెమ్మదిగా తీసుకెళ్లి, కాలేజీ రోజుల్లో ఈ కోరిక ఎలా పుట్టిందో చెప్పండి. మీ ఉత్తరంలో ఆ కథ లేదు, బహుశా ఆవిడకీ తెలియదు. ఆవిడకి డ్రైవింగ్ వస్తే తాళం చేతికిచ్చి మీరు పక్క సీట్లో కూర్చోండి. తిరిగొచ్చాక ధర ఎంతని ఆవిడ అడిగారో లేదో నాకు మళ్లీ రాయండి.